ఓక్ పార్కే (చెక్కముక్కలు పేర్చిన) నేల బాగుచేసినవాళ్లున్నారా? తులసి కుండీ కింద నల్లమచ్చ పోతుందా?

తులసికోట (న్యూజెర్సీ):
మాది 1962లో కట్టిన ఇల్లు. హాల్లో ఓక్ పార్కే. వేలెడు వెడల్పు చెక్కముక్కలు ఒక చదరంలో నిలువుగా, పక్క చదరంలో అడ్డంగా, చాప అల్లినట్టు ఉంటాయి. వంటగది గుమ్మం దగ్గర పూత మొత్తం పోయి చెక్క బూడిదరంగుకు తిరిగింది. చలికాలమంతా తులసి కుండీని లోపల కిటికీ పక్కన ఇనప స్టాండ్ మీద పెడతాం. దాని కింద నల్లటి వలయం పడింది. కాంట్రాక్టరేమో అంతా పీకేసి లామినేట్ (చెక్కలా కనిపించే కృత్రిమ పలకలు) వేయించమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

నెమలికన్ను (డల్లాస్):
దయచేసి పీకించకండి. ముందు నాలుగైదు చోట్ల ఒక్కో నీటిచుక్క వేసి చూడండి. గుండ్రంగా నిలిస్తే పూత ఇంకా ఉన్నట్టే. ఇంకిపోయి చెక్క ముదురు రంగుకు తిరిగితే అక్కడ సాండింగ్ (గరుకు కాగితంతో అరగదీయడం) తప్పదు. తర్వాత నేలలో హీటర్ గాలి వచ్చే జాలీ ఎత్తి చెక్క మందం కొలవండి. మాది 8 మిల్లీమీటర్లే. అంత పలచని చెక్కను పదేపదే సాండింగ్ చేయలేం.

మ్యూనిక్ తెలుగు:
నేను చేసిన తప్పు మీరు చేయకండి. డ్రమ్ సాండర్ (గరుకు కాగితం చుట్టిన డ్రమ్ తిరుగుతూ నేలను అరగదీసే మిషన్) అద్దెకు తెచ్చా. వైరు సర్దుకుందామని రెండు సెకన్లు ఆగితే డ్రమ్ తిరుగుతూనే ఉండి గుంట పడింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఇప్పటికీ కనిపిస్తుంది. పార్కేలో చెక్క నార రెండు దిక్కులా ఉంటుంది, డ్రమ్ ఎటు నడిపినా సగం ముక్కల మీద అడ్డగీతలే. చిన్నచిన్న సున్నాలు చుడుతూ అరగదీసే ఆర్బిటల్ మిషన్ తీసుకోండి. నిదానమే కానీ నేల బతుకుతుంది. 60 నంబర్ గరుకు పేపర్‌తో మొదలుపెట్టి 80, 120 (నంబర్ పెరిగేకొద్దీ మెత్తన). ఒక్కటీ ఎగ్గొట్టకండి. చివర్లో వచ్చే మెత్తటి పొడి దాచుకుని ఫిల్లర్‌లో కలిపి సందులు నింపితే రంగు కలిసిపోతుంది.

కొబ్బరాకు:
1962 ఇల్లు కాబట్టి ఒక్క మాట. ముక్కలు ఊడినచోట తారులాంటి నల్ల జిగురు కనిపిస్తే గీకొద్దు, మిషన్ అసలే పెట్టొద్దు. ఆ కాలపు జిగురులో ఆస్బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే నార ఖనిజం) ఉండొచ్చు. ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే ముట్టుకోండి.

తులసికోట:
జిగురు ఎక్కడా బయటపడలేదండి. మందం మాదీ 8. గుమ్మం దగ్గర చుక్క నిమిషంలో ఇంకింది, సోఫా కింద ముత్యంలా నిలబడింది. హాలంతా సాండింగ్ మొదలుపెట్టాం. 80 నంబర్ దాకా వచ్చినా ఆ నల్ల వలయం కదల్లేదు. టెన్షన్‌గా ఉంది.

నెమలికన్ను:
ఇక అక్కడ గీకకండి. అది మురికి కాదు. ఓక్‌లో టానిన్ ఉంటుంది, మన కరక్కాయ వగరు లాంటిదే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీస్తే నల్లగా తేలుతుంది కదా, ఇనప స్టాండ్‌కి తడి తగిలి మీ నేల మీద జరిగిందీ అదే. ఆక్సాలిక్ యాసిడ్ పొడి వేడినీళ్లలో కరిగించి, పూత లేని చెక్క మీద బ్రష్‌తో రాయండి. అది విషం. గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. తర్వాత తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి బాగా ఆరనివ్వండి.

మ్యూనిక్ తెలుగు:
పూతకు నూనె రకం వాడితే, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి. వాటంతటవే వేడెక్కి మంటలు అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

తులసికోట:
రెండుసార్లు రాశాం. మొదటిసారి ఆరేసరికే నలుపు కాస్తా పలచటి టీ రంగుకు దిగింది. రెండోసారికి, ఎక్కడుందో తెలిసినవాళ్లు వంగి వెతికితే తప్ప కనిపించడం లేదు! నూనె రకం పాలీయురెతేన్ పూత పోనుపోను పసుపెక్కుతుందని విని నీళ్ల రకం మూడు కోట్లు వేశాం. రగ్గు ఇంకా పరవలేదు. తులసికి చెక్క స్టాండ్ చేయించి, కింద లోతైన పింగాణీ పళ్లెం పెట్టాం.