ట్రేడ్ మెషీన్ ఒప్పుకోవట్లేదు, లెక్క మాత్రం సరిపోయింది. ఎవరైనా చూడండి ప్లీజ్

నిద్రలేని_నాగోలు
ఫిబ్రవరి 4, 2025, రాత్రి 11:52

నాలుగు గంటలుగా ఇదే పని, ఇక నా వల్ల కాదు. మా ఆఫీసు గ్రూపులో ఉత్తుత్తి ట్రేడ్ (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) డెడ్‌లైన్ పెట్టుకున్నాం. తలా ఒక ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్‌కి జీఎం, అంటే ఎవరిని ఇవ్వాలో ఎవరిని తేవాలో తేల్చే మేనేజర్. అసలు డెడ్‌లైన్ ఎప్పుడో మాదీ అప్పుడే, మన టైములో శుక్రవారం తెల్లవారుజామున 1:30. రూల్స్ కూడా నిజంవే. ట్రేడ్ మెషీన్‌లో (ట్రేడ్ రూల్స్‌కి సరిపోతుందో లేదో చూపించే వెబ్ పేజీ) పచ్చరంగు వచ్చిన స్క్రీన్‌షాట్ పెడితేనే ట్రేడ్ అయినట్టు.

నేను ఇద్దరిని ఇస్తున్నా. ఒకడి జీతం 18.125 మిలియన్ డాలర్లు, ఇంకొకడిది 15.625. మొత్తం 33.75. అవతలి నుంచి వచ్చేది ఒక్కడే, 29.79. అంటే నాకే నాలుగు మిలియన్ల దాకా తగ్గుతోంది. అయినా ఎర్రగీతే. బ్రౌజర్ మార్చా, ఫోన్‌లో చూశా, మా ఆవిడ లాప్‌టాప్‌లో కూడా చూశా. మెషీన్ పాడైందా? మీకు పనిచేస్తోందా?

గోడమీదపిల్లి
రాత్రి 11:55

ఏ టీమ్?

లెక్కలపంతులు
ఫిబ్రవరి 5, రాత్రి 12:20

మెషీన్‌ని తిట్టకు నాయనా, ముందు పునాది చూసుకో. ఈ సీజన్‌లో సాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ మొత్తం జీతాలకి లీగ్ గీసిన మొదటి గీత, 140.588 మిలియన్లు. లగ్జరీ టాక్స్ గీత 170.814 దగ్గర ఉంది, అది దాటితే పన్ను కట్టాలి. క్యాప్ దాటిన టీమ్ ట్రేడ్ చేస్తే ఇచ్చిన జీతానికి, తెచ్చుకున్న జీతానికి పొంతన కుదరాలి. ఫస్ట్ ఏప్రన్ (టాక్స్ గీతకి కూడా పైన ఉండే ఇంకో గీత) కింద ఉన్న టీమ్ పెద్ద జీతాల్లో 125 శాతం దాకా తెచ్చుకోవచ్చు. దాని పైన ఉన్నవాళ్లు పైసా ఎక్కువ తేలేరు. ఈ తేడా తెలియక సగం మంది కాగితం మీద లూకా డాన్‌చిచ్ లాంటి స్టార్‌ని తెచ్చేసుకుంటున్నారు. మొన్న లూకానీ ఆంథొనీ డేవిస్‌నీ మార్చుకున్న ట్రేడ్ చూశావా? లూకా జీతం 43.03, ఆంథొనీ డేవిస్‌ది 43.22. అంత దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టే పని తేలికైంది. పేర్లు తర్వాత, ముందు జీతాలు.

నువ్వు 33.75 ఇచ్చి 29.79 తెచ్చుకుంటున్నావు. నీ వైపు ఎలా చూసినా చెల్లాలి. తేడా అవతలివాళ్లది అయ్యుంటుంది, అది చూడు.

నిద్రలేని_నాగోలు
రాత్రి 12:31

అవతల పోర్ట్‌లాండ్ పంతులుగారూ. వాళ్ల డబ్బా పచ్చగానే ఉంది. ఎరుపు నా వైపే.

గోడమీదపిల్లి
రాత్రి 12:33

నీ వైపు ఏ టీమ్ అనే అడుగుతున్నా.

పాతబంతి
రాత్రి 12:58

మీ కుర్రాళ్లందరికీ ఇదే జబ్బు. టీమ్‌ని అంచనా వేయడం అంటే ఎక్సెల్‌లో జీతాలు కూడడం కాదు తమ్ముడూ. నేను యూనివర్సిటీకి ఆడిన రోజుల్లో మా కోచ్ ఒక నోటుపుస్తకం పెట్టుకునేవాడు. అందులో పాయింట్లు రాసేవాడు కాదు. అవతలివాడు షాట్ వేసినప్పుడు మనవాళ్లలో ఎవరు వెనక్కి తిరిగి తన మనిషిని వీపుతో ఆపాడు, ఎవరు బంతి వైపు నోరు తెరుచుకుని చూశాడు, అదొక్కటే. పేరు పక్కన చుక్క. మ్యాచ్ అయ్యాక చుక్కలు లెక్కపెట్టి చదివేవాడు, సిగ్గుతో తల వంచుకునేవాళ్లం.

నీ టీమ్‌వి పది మ్యాచ్‌లు అలా చూడు. బంతి లేనప్పుడు ఎవడేం చేస్తున్నాడో చూడు. అప్పుడు ఎవరిని తెచ్చుకోవాలో మెషీన్‌ని అడగాల్సిన పనుండదు. ఇప్పుడు సెంటర్లు కూడా మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడి ఎండ కాగుతున్నారు, రీబౌండ్ (గురి తప్పి వెనక్కొచ్చే బంతి) ఎవడు తీస్తాడు?

నిద్రలేని_నాగోలు
రాత్రి 1:07

చూసే ఓపిక ఉంటే చూసేవాణ్నే బాబాయ్, పొద్దున ఏడున్నరకి మ్యాచ్, తొమ్మిదింటికి ఆఫీసు స్టాండప్ మీటింగ్.

టీమ్ సన్స్ అండీ, ఫీనిక్స్. 18.125 అనగానే నుర్కిచ్ అని అందరికీ తెలుస్తుంది అనుకున్నా. రెండోవాడు గ్రేసన్ ఆలెన్. తెచ్చుకునేది జెరామి గ్రాంట్‌ని. అయినా టీమ్ పేరు చెప్తే ఏం మారుతుంది, లెక్క లెక్కే కదా.

గోడమీదపిల్లి
రాత్రి 1:08

అంతా మారుతుంది. సెకండ్ ఏప్రన్. ఇద్దరి జీతాలు కలిపి ఒకణ్ని తేలేవు. పడుకో.

లెక్కలపంతులు
రాత్రి 1:40

అరే, ఆ ముక్క మొదటే చెప్పాలి కదయ్యా! గంటసేపు పోర్ట్‌లాండ్ లెక్కలు తిరగేశాను.

సరే, విను. 2023లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంతో ఈ సెకండ్ ఏప్రన్ వచ్చింది. ఈ ఏడు అది 188.931 మిలియన్ల దగ్గర ఉంది. మీ సన్స్‌లో డ్యురాంట్ 51.18, బీల్ 50.2, బుకర్ 49.2. ముగ్గురివే 150 దాటాయి. అంటే మిగతా పన్నెండు మందికి రూపాయి ఇవ్వకముందే సాలరీ క్యాప్ దాటిపోయారు. నువ్వు నాలుగు మిలియన్లు తగ్గించుకున్నా ఇంకా గీతకి ఎంతో పైనే ఉంటావు.

ఆ గీత పైన ఉన్న టీమ్ ఒక్కొక్కడి జీతంతోనే బేరం ఆడాలి. నుర్కిచ్ 18.125కి లోబడి ఎవరినైనా తెచ్చుకో, ఒక్కడైనా ఇద్దరైనా. ఆలెన్ 15.625కి లోబడి ఇంకెవరినైనా తెచ్చుకో. రెండూ కూడి 29.79 వాణ్ని తెస్తానంటే కుదరదు. ట్రేడ్‌లో డబ్బు పంపడం కూడా లేదు. ఏదైనా టీమ్ వదిలేసిన ఆటగాడి పాత జీతం 12.8 మిలియన్లు దాటితే ఈ సీజన్‌లో వాణ్నీ తీసుకోలేవు. పైగా ఏడేళ్ల తర్వాతి తొలి రౌండ్ పిక్‌ని (లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్లలో ఒకణ్ని ఎంచుకునే వంతు) లీగ్ పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది, దాన్ని ట్రేడ్‌లో ఇవ్వలేవు.

చిన్న సరదా సంగతి. నుర్కిచ్‌దీ ఆలెన్‌దీ ఒకే రకం కాంట్రాక్టు, నాలుగేళ్లకి 70 మిలియన్లు. నుర్కిచ్ దానిలో మూడో ఏట ఉన్నాడు, ఆలెన్ మొదటి ఏట. అందుకే ఈ 18.125, 15.625.

నిద్రలేని_నాగోలు
రాత్రి 1:46

అంటే మేం హార్డ్ క్యాప్‌లో ఉన్నామన్నమాట.

లెక్కలపంతులు
రాత్రి 1:52

కాదు! అందరూ చేసే తప్పే ఇది. హార్డ్ క్యాప్ అంటే ఫలానా అంకె దాటనే కూడదు అని. కొన్ని రకాల పనులు చేస్తే టీమ్ మెడకి అది పడుతుంది. మీవాళ్లు దాటి కూర్చున్నారు, ఇంకా దాటొచ్చు కూడా. చేతులు మాత్రమే కట్టేశారు. గోడ వేరు, సంకెళ్లు వేరు.

గోడమీదపిల్లి
రాత్రి 1:53

వాడికి రెండూ ఒకటే పంతులుగారూ. కదలలేడు.

తెనాలి_తెలుగు
ఉదయం 6:15

ఒక్క మనవి. 'ట్రేడ్' అని ఎందుకండీ, మనకు కుండమార్పిడి అని మంచి మాట ఉంది. మా పిల్లని మీ ఇంటికిస్తాం, మీ పిల్లని మా ఇంటికివ్వండి. ఇక్కడ జరిగేది అదే.

పాతబంతి
ఉదయం 6:40

కుండమార్పిడిలో ఒకరికి ఒకరే అండీ. ఇద్దర్నిచ్చి ఒకణ్ని తెచ్చుకోవడం ఉండదు.

గోడమీదపిల్లి
ఉదయం 6:41

సెకండ్ ఏప్రన్‌లో ఉన్నవాడికి అయితే సరిగ్గా సరిపోయింది.

తెనాలి_తెలుగు
ఉదయం 6:55

వెటకారం వద్దు. పిక్ కలిపి ఇస్తే దాన్ని ఎదురుకట్నం అనొచ్చు. మాటలు లేక కాదు, వాడక.

చాండ్లర్_చిన్నోడు
ఉదయం 8:10

నేను ఇక్కడే ఉంటా, సన్స్ అరీనాకి అరగంట. మా వాడికి ఎనిమిదేళ్లు, బుకర్ ఒకటో నంబరు జెర్సీ వేసుకునే నిద్రపోతాడు. మొన్న సోమవారం పోర్ట్‌లాండ్‌లో బుకర్ వాల్టర్ డేవిస్‌ని దాటి సన్స్ చరిత్రలోనే ఎక్కువ పాయింట్లు చేసినవాడయ్యాడు. వాడు సోఫా మీద ఎగిరాడు. అదే మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో 121-119తో పోయింది. అదే ఊళ్లో శనివారం కూడా ఓడారు. కేరింతలు కొట్టిన ఇంట్లో పది నిమిషాల్లో ఎవరూ మాట్లాడలేదు.

పెద్దాయన రీబౌండ్ల గురించి అన్నది నిజమే. కానీ సమస్య అదొక్కటే కాదు. సీజన్‌లో మొదటి తొమ్మిదిలో ఎనిమిది గెలిచారు. డ్యురాంట్ పిక్క పట్టేసి కూర్చోగానే బండి ఆగింది. డ్యురాంట్, బుకర్, బీల్ ముగ్గురూ ఒకటే పని బాగా చేస్తారు, మధ్య దూరం నుంచి షాట్. ముగ్గురు వంటవాళ్లున్నారు, ముగ్గురికీ పులిహోరే వచ్చు. అవతలి గార్డ్‌ని ఆపేవాడు లేడు. ఉన్నంతలో ఆ పని చేస్తున్నది కొత్త కుర్రాడు రయాన్ డన్, 28వ పిక్. బీల్‌ని జనవరిలో బెంచీ మీదికి మార్చారు. నుర్కిచ్ అయితే జనవరి మొదటి వారం తర్వాత ఆడిందే లేదు. ఒకోగీ అనే ఆటగాణ్ని, మూడు సెకండ్ రౌండ్ పిక్‌లు కలిపి షార్లెట్‌కి ఇచ్చి, నుర్కిచ్ స్థానంలోనే ఆడే నిక్ రిచర్డ్స్‌ని తెచ్చినప్పుడే నుర్కిచ్ పని అయిపోయిందని అర్థమైంది.

అందుకని గ్రాంట్ కుదిరినా నీ టీమ్ బాగుపడదు బ్రో. అతను కూడా షాట్లు కావాలనేవాడే. నన్నడిగితే డ్యురాంట్‌ని అమ్మాలి. 36 ఏళ్లు, ఇంకా మంచి ధర వస్తుంది. అతని ఒక్కడి జీతంతో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లని తేవచ్చు, పైన పిక్‌లు. 2023లో అతని కోసం బ్రిడ్జెస్‌ని, కామ్ జాన్సన్‌ని, క్రౌడర్‌ని, నాలుగు తొలి రౌండ్ పిక్‌లని ఇచ్చేశారు. మొన్న జనవరిలో యూటాకి 2031 పిక్ ఇచ్చి మూడు చిన్న పిక్‌లు తెచ్చుకున్నారు, పెద్దనోటు మార్చి చిల్లర తెచ్చుకున్నట్టు. ఆ చిల్లర ఎక్కడో ఖర్చు పెట్టడానికే. ఎవరెవరు డ్యురాంట్‌కి సరిపోతారో ఒక లిస్టు రాసి పెట్టా, కావాలంటే పంపుతా.

నిద్రలేని_నాగోలు
ఉదయం 9:48

సారీ అన్నా, చెప్పడం మర్చిపోయా. మా ఆటలో ప్రతి టీమ్‌లో ఎక్కువ జీతం ఉన్నవాణ్ని కదపకూడదు. కాబట్టి డ్యురాంట్ లేడు.

చాండ్లర్_చిన్నోడు
ఉదయం 9:51

ఇది మొదటి పోస్టులో ఉండాల్సింది కదా.

నిద్రలేని_నాగోలు
ఉదయం 10:05

స్టాండప్‌లో ఉన్నా, మ్యూట్‌లో పెట్టి చూస్తున్నా. అయితే ఒక ఐడియా. బీల్ ఒక్కణ్నే ఇస్తా. 50.2కి లోబడి గ్రాంట్ 29.79, రాబర్ట్ విలియమ్స్ 12.43. మొత్తం 42 చిల్లర. ఇద్దర్నీ కలపడం లేదు కాబట్టి ఏప్రన్ గొడవ లేదు. పచ్చ వచ్చింది!!

గోడమీదపిల్లి
ఉదయం 10:06

నో ట్రేడ్ క్లాజ్.

లెక్కలపంతులు
ఉదయం 10:30

పిల్లిగారు చెప్పింది విడమరిచి చెప్తా. 2022లో వాషింగ్టన్ బీల్‌కి అయిదేళ్లకి 251 మిలియన్లు రాసిచ్చినప్పుడు, తన అనుమతి లేకుండా ఎక్కడికీ పంపకూడదనే షరతు కూడా రాసిచ్చింది. ఆ షరతు అతనితోపాటే ఫీనిక్స్ వచ్చింది. ప్రస్తుతం లీగ్‌లో ఇలాంటి కాగితం ఉన్న ఇంకొకడు లెబ్రాన్. మెషీన్‌కి జీతం తెలుసు, మనిషి ఇష్టం తెలియదు. పచ్చ చూసి మోసపోకు. మయామీ నుంచి జిమ్మీ బట్లర్‌ని తెద్దామని సన్స్‌కి ఎంత ఆశున్నా ముడి బీల్ దగ్గరే పడింది. జీతాలు చూస్తే బట్లర్ 48.8, బీల్ 50.2, అద్దంలా సరిపోతాయి.

పైగా 2026-27కి బీల్ తన ఇష్టప్రకారం తీసుకోగలిగింది 57 మిలియన్లు. పోర్ట్‌లాండ్‌ని నడిపే నీ కొలీగ్ ఎవరో గానీ, ఒప్పుకుంటే వాణ్ని ముందు డాక్టర్‌కి చూపించండి.

నిద్రలేని_నాగోలు
ఉదయం 10:34

వాడు ఒప్పుకున్నాడు. బీల్ అంటే పిచ్చి వాడికి. క్లాజ్ సంగతి మా రూల్స్‌లో రాసుకోలేదు. చెల్లుతుందా చెల్లదా?

పాతబంతి
ఉదయం 11:15

రూల్స్‌లో లేదంటే చెల్లుతుంది.

లెక్కలపంతులు
ఉదయం 11:18

నిజం రూల్సే అని మొదట్లో ఎవరు చెప్పారు? చెల్లదు.

పాతబంతి
ఉదయం 11:24

అది రూల్ కాదు పంతులుగారూ, ఒక మనిషి కాంట్రాక్టులో ఒక వాక్యం. రూల్ అంటే అందరికీ వర్తించేది.

లెక్కలపంతులు
ఉదయం 11:31

కాంట్రాక్టులో వాక్యాన్ని అమలు చేయాలనేది రూలే కదండీ!

(ఇలా మధ్యాహ్నం దాకా ఇంకో పద్దెనిమిది పోస్టులు. అడిగినవాడు ఒక్కదానికీ జవాబివ్వలేదు.)

చాండ్లర్_చిన్నోడు
ఫిబ్రవరి 6, ఉదయం 8:20

బట్లర్ గోల్డెన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. ఇక్కడ రేడియోలో ఏడుపులు. డ్యురాంట్ పేరు కూడా అటే వినిపించింది, తిరిగి అక్కడికి వెళ్లనన్నాడట.

తెనాలి_తెలుగు
ఉదయం 8:45

అల్లుడు అలిగి పాత అత్తారింటికి వెళ్లనన్నాడు.

లెక్కలపంతులు
ఫిబ్రవరి 7, ఉదయం 6:05

అందరికీ శుభోదయం. చూశారా? నుర్కిచ్‌ని ఒక్కణ్నే కదిపారు. షార్లెట్‌కి అతన్నీ ఒక 2026 తొలి రౌండ్ పిక్‌నీ ఇచ్చి, కోడీ మార్టిన్‌నీ వాసా మిచిచ్‌నీ ఒక సెకండ్ రౌండ్ పిక్‌నీ తెచ్చుకున్నారు. వచ్చిన ఇద్దరి జీతం కలిపినా నుర్కిచ్ జీతం కంటే తక్కువే. ఒకడికి ఇద్దరు, ఇద్దరికి ఒకడు కాదు. మంగళవారం రాత్రి నేను చెప్పింది ఇదే.

గోడమీదపిల్లి
ఉదయం 6:07

నేను చెప్పా. మీరు పోర్ట్‌లాండ్ లెక్కలు చూస్తున్నారు.

తెనాలి_తెలుగు
ఉదయం 6:20

నుర్కిచ్‌తో పిక్ కలిపి పంపారు. అదిగో ఎదురుకట్నం.

నిద్రలేని_నాగోలు
మధ్యాహ్నం 1:12

థాంక్స్ అందరికీ. రాత్రి పదకొండింటికి కాసేపు నడుం వాల్చుదామని పడుకున్నా, లేచేసరికి ఆరు. ఏ ట్రేడూ పెట్టలేదు.

పాతబంతి
మధ్యాహ్నం 1:30

మంచిదైంది. ఇంతకీ బీల్ క్లాజ్ గురించి మీ ఆఫీసులో ఏమన్నారు?

తెనాలి_తెలుగు
మధ్యాహ్నం 2:04

ఏప్రన్‌కి తెలుగు మాట మాత్రం ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.