వెనక్కి పోయిన ఇంటి బిల్లు మళ్లీ పడాలంటే ఏం చేయాలి?

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు పల్లె. అమ్మ పేరున పీఎం ఆవాస్ గ్రామీణ్ ఇల్లు వచ్చింది. 1.20 లక్షల్లో బేస్‌మెంట్ బిల్లు పడింది, రూఫ్ లెవెల్ బిల్లు జూన్ 12న వెనక్కి పోయింది. పొదుపు సంఘం కోసం కొత్త ఖాతా తెరిచినప్పుడు ఆధార్ లింకు అటు మారిందట. లబ్ధిదారుకి ఒక్క మెసేజ్ అయినా రావాలి కదా! జూన్ 20న పాత ఖాతాకే లింకు చేయించాం, ఏ ఖాతాకి ఆధార్ లింకు ఉందో చూపే ఎన్‌పీసీఐలో యాక్టివ్ అనే ఉంది. సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఇంటి జియోట్యాగ్ ఫొటో (ఎక్కడ తీశారో నమోదయ్యే ఫొటో) మళ్లీ తీశారు. సోమవారం గ్రీవెన్స్‌లో రెండు అర్జీలు పెట్టాం. రెండు నెలలైనా ఆన్‌లైన్‌లో 'రిజెక్టెడ్' అనే చూపిస్తోంది. స్లాబుకి కట్టిన ఇనుము వానకి ఎర్రగా తుప్పు పట్టింది, సెంట్రింగ్ అద్దె రోజురోజుకీ పెరుగుతోంది, అమ్మకి ఒకటే టెన్షన్.

ఖాతా సరిచేశాక ఆగిన బిల్లును మళ్లీ పంపేది మండల హౌసింగ్ లాగిన్ నుంచా, జిల్లా లాగిన్ నుంచా?