‘ప్రేమోన్మాది’, ‘పరువు హత్య’: హెడ్డింగ్‌లో వీటికి బదులు ఏం పెట్టాలి?

హనుమకొండ డెస్క్: జిల్లా పేజీల్లో ఈ రెండు మాటలూ అలవాటుగా పడిపోతున్నాయి. వీటిలో వివక్ష ఉందంటే ‘అందరికీ అర్థమయ్యే మాటలే కదా’ అంటున్నారు. ఒక కొత్త మాటను ఎలా పరీక్షించాలి అన్నా? సింగిల్ కాలమ్‌లో పట్టే మాటలు కావాలి.

కాజీపేట సబ్ ఎడిటర్: మాటలో ఎవరి వాదన దాగుందో చూడాలె. ‘ప్రేమోన్మాది’లో ప్రేమ ఎక్కడిది? అమ్మాయి కాదన్నది. వాడు వెంటపడ్డడు, బెదిరించిండు, దాడి చేసిండు. ఆ మాట పెట్టగానే ఇద్దరి మధ్య ఏదో నడిచిందని చదివేటోళ్లకు అనుమానం వస్తది. ఇక ‘ఉన్మాది’ అంటే ఒళ్లు తెలియక చేసినట్టే. యాసిడ్ సంపాదించి, దారి కాచి పోసుడు ఒళ్లు తెలియని పనా? పైగా మానసిక జబ్బుతో బాధపడేవాళ్లందరి మీదా ఆ మచ్చ పడ్తది. 2008 డిసెంబర్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడిని చూసిన వరంగల్ మనది, మనమైనా ఈ మాట మానాలె.

జరిగిన పనినే రాయండి. వెంటపడి వేధించుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, యాసిడ్ దాడి 124. ‘యువతిపై యాసిడ్ దాడి.. నిందితుడి అరెస్ట్’ అంటే సరిపోతది. కేసు తేలేదాకా ‘నిందితుడు’ దాటొద్దు.

రిటైర్డ్ తెలుగు లెక్చరర్: ‘పరువు’ చంపినవాడు చెప్పుకునే సాకు. దాన్ని మనం నేరానికి పేరుగా పెట్టేశాం. ఇలాంటి హత్యల్లో గౌరవమేమీ లేదని 2006లోనే లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొటేషన్‌లో పెట్టినా లాభం లేదు, టీవీలో చదివితే కొటేషన్ వినపడదు. ‘కుల దురహంకార హత్య’ సరైన మాటే, కానీ పొడుగు. కులమే కారణమని ఆధారం దొరకకముందే రాస్తే అదీ తొందరపాటే. ‘పెళ్లి నచ్చక అల్లుడి హత్య’ అనండి. ఎవరు చేశారో పోలీసుల పేరు మీద కింది లైన్‌లో ఇవ్వండి.

ములుగు పాఠకుడు: పొగిడే మాటలనూ ఇట్లనే పరీక్షించాలె సార్. 2015 డిసెంబర్‌లో ప్రధాని ‘దివ్యాంగ్’ అన్నప్పుడు వికలాంగుల హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పినయి. వాళ్లు అడిగేది ర్యాంపు, బస్సు, ఉద్యోగం. దైవత్వం అంటగడితే ఆ హక్కులు పక్కకు పోతయి. వార్తకు వైకల్యంతో సంబంధం లేకుంటే అసలు ప్రస్తావనే వద్దు. ఉంటే, ఏమని రాయమంటరో ఆ మనిషినే అడగండి.