పాత ట్రాక్టర్ లిఫ్ట్ ఎక్కుతుంది గానీ దిగుతలేదు, ఏం చూడాలె?

మాది నల్గొండ జిల్లా, హాలియా దగ్గర. 35 హెచ్‌పీ పాత ట్రాక్టర్. పొద్దున చల్లగ ఉన్నప్పుడు వెనక పనిముట్లను ఆయిల్ ఒత్తిడితో ఎత్తే లిఫ్ట్ మంచిగనే ఎక్కి దిగుతుంది. గంటసేపు దున్ని ఆయిల్ వేడెక్కినంక కల్టివేటర్ పైకి పోయి ఆడనే ఆగిపోతుంది. పొజిషన్ లివర్ (ఎత్తు పెట్టేది), డ్రాఫ్ట్ లివర్ (దున్నేటప్పుడు లోడును బట్టి లోతు సర్దేది) రెండూ పూర్తిగ కిందికి వేసినా, ఇంజన్ ఆపినా కదలదు. రాత్రి అట్లనే వదిలేస్తే తెల్లారేసరికి దానంతట అదే దిగి ఉంటుంది. ఎత్తిన కల్టివేటర్ కిందికి ఎవర్నీ పోనిస్తలేను, ఎప్పుడు పడుతదో తెల్వదు కదా.

దమ్ము చేసినప్పుడు లోపలికి నీళ్లు పోయినట్టున్నయి, ఆయిల్ తెల్లగ పాలలెక్క అయింది. మొత్తం తీసేసి మాన్యువల్‌లో రాసిన గ్రేడే కొత్తది పోసిన, స్ట్రెయినర్ (ఆయిల్ వడకట్టే జాలి) కడిగిన. సీటు కింద దిగే స్పీడు తగ్గించే నాబ్ పూర్తిగ తెరిచే ఉంది. బయటి లింకులు, పిన్నులు ఎక్కడా పట్టేస్తలేవు, గ్రీజు కూడా పెట్టిన. ఇరుక్కున్నప్పుడు ఇంజన్ మీద లోడు పడదు, ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ చప్పుడూ రాదు. అంటే పంపు ఇంకా ఎత్తాలని చూస్తలేదు, ఆయిల్ వెనక్కి పోయే దారే మూసుకుంటున్నదని నా అంచనా.

మిస్త్రీ మాత్రం టాప్ కవర్ (లిఫ్ట్ మీది మూత) విప్పి పిస్టన్, సీళ్లు అన్నీ మార్చాలంటున్నడు. సీళ్లు పోతే ఎత్తింది జారాలె గానీ ఇట్ల పైన నిలబడుతదా? నాకైతే నమ్మబుద్ధి అయితలేదు.

వేడి మీద పట్టేస్తున్నది కంట్రోల్ వాల్వ్ స్పూలా (లోపల జరిగి ఆయిల్ దారి మార్చే కడ్డీ), లేక దిగే దారిలో ఉన్న వాల్వా అన్నది టాప్ కవర్ విప్పకుండ ఎట్ల తేల్చుకోవాలె?