రోలర్ దిండుకు రంపపు పొట్టు మేలా, పైపు మీద కంబళి మేలా?

కావలి నుంచి (ప్రశ్న):
బాబిన్ లేసు నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. లేసు అనగానే అందరూ నరసాపురం వారి క్రోషా అల్లికనే తలచుకుంటారు గనుక, దిండు మీద గుండుసూదులు గుచ్చి, బాబిన్ల (దారం చుట్టిన చిన్న కడ్డీల) దారాలను జతలు జతలుగా మెలివేస్తూ, దాటిస్తూ అల్లే ఈ పని గురించి అడగడానికి ఊళ్లో నాకు ఎవరూ దొరకలేదు. ఇన్నాళ్లూ బల్లపరుపు దిండుతో నెట్టుకొచ్చాను. జానెడు అంచు పూర్తయ్యేసరికి, సూదులు ఎక్కడ గుచ్చాలో చూపే నమూనా అట్ట అయిపోతుంది. అప్పుడు ఇరవై జతల బాబిన్లను గుడ్డలో చుట్టి, సూదులన్నీ పీకి, లేసును అట్ట మొదటికి జరిపి మళ్లీ గుచ్చుకోవాలి. ఈ అవస్థ తప్పించుకోవడానికే, పెట్టె మధ్యలో ఇరుసు మీద తిరిగే రోలర్ దిండును ఇంట్లో చేద్దామనుకుంటున్నాను. పెట్టెనూ, బాబిన్లు పరచుకునే ఏటవాలు పలకనూ మా వీధి వడ్రంగి చేసి ఇస్తానన్నారు. రోలర్‌ను దేనితో నింపాలన్నదే తేలలేదు. ఒకరు రంపపు పొట్టు అంటారు, మరొకరు పీవీసీ పైపు మీద కంబళి చుట్టమంటారు. ఇంట్లో ఉన్న ఊక చాలదా అని మా అత్తగారి ప్రశ్న.

ఉదయగిరి నుంచి:
ఊక వద్దండి. ఎంత కూరినా జారుతుంది, సూది నిలవదు. రంపపు పొట్టుకు సాటి లేదని నా అభిప్రాయం. సూది తీయగానే పొట్టు సర్దుకుని రంధ్రం పూడిపోతుంది. థర్మకోల్ లాంటివి ఒకే చోట పదేపదే గుచ్చితే గుల్లబారిపోతాయి. కోతమిల్లు నుంచి తెచ్చిన పొట్టును జల్లెడ పట్టి, చెక్కపేళ్లు ఏరేసి, రెండు మూడు రోజులు ఎండబెట్టండి. మందపాటి నూలు గుడ్డతో గొట్టంలా సంచి కుట్టి, గుప్పెడు గుప్పెడు పోస్తూ పచ్చడి బండతో దంచండి. నిండిందనుకున్న నా సంచిలో, దంచిన తరువాత, మరో సగం పొట్టు పట్టింది. బొటనవేలితో గట్టిగా నొక్కినా గుంట పడనంత బిగువు రావాలి. అన్నట్టు, చెక్క గరిటెలు చేసే మా ఊరి పనివారి చేత బిక్కి చెక్కతో బాబిన్లు కూడా చెక్కించుకున్నాను. అంగడిలో దొరికే వాటికన్నా చేతికి బాగా అమరాయి.

ఒంగోలు నుంచి:
పై సలహాతో నేను ఏకీభవించలేను. ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన కోస్తాలో అప్పడాలు సైతం మెత్తబడతాయి. పొట్టు మాత్రం పొడిగా ఉంటుందా? మా అన్నయ్య కూతురి లంగా కోసం రెండు గజాల అంచు అల్లుతూ, ముసురులో వారం రోజులు దిండును ముట్టలేదు. తరువాత సూదులు తీస్తే ప్రతి రంధ్రం చుట్టూ తుప్పు మరక కనిపించింది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టినా పూర్తిగా పోలేదు. ఆనాటి నుంచి పైపు మీద ఉన్ని కంబళి పట్టీలను బిగించి చుట్టినదే వాడుతున్నాను. తేలికగా ఉంటుంది, దంచే పని లేదు.

ఉదయగిరి నుంచి:
తుప్పు పట్టింది సూదికి, నింద పడింది పొట్టుకు. ఇత్తడి సూదులు గానీ స్టెయిన్‌లెస్ స్టీలు సూదులు గానీ వాడి ఉంటే ఆ లేసు దక్కేది. పైగా ఉన్ని తేమ పీల్చదనుకోవడం పొరపాటు. తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకోగలదు. నాగర్‌కోయిల్‌లో 1820 ప్రాంతంలో మార్తా మాల్ట్ అనే మిషనరీ గారి భార్య నేర్పిన దిండు లేసు, మనకన్నా వానలు ఎక్కువగా పడే ఆ నేల మీదే తరతరాలుగా సాగింది.

నెల్లూరు నుంచి:
ఇద్దరూ లోపలి సరుకు దగ్గరే ఆగిపోయారు. రోలర్‌ను చెడగొట్టేది చుట్టుకొలత. నమూనాలో ఒక పువ్వు మళ్లీ మొదలయ్యే దూరం 36 మి.మీ. అనుకుందాం. రోలర్ చుట్టూ అవి పన్నెండు పట్టాలంటే చుట్టుకొలత సరిగ్గా 432 ఉండాలి, అంటే అడ్డుకొలత సుమారు 137.5 మి.మీ. నా మొదటి రోలర్ పొట్టుతో చేసినదే, 420 వచ్చింది. అట్ట రెండు కొసలూ కలిసిన చోట పువ్వు మూడో వంతు తెగిపోయి, తిప్పిన ప్రతిసారీ అదే వెక్కిరింత. చివరికి అట్ట కింద 2 మి.మీ. మందం గల ఉన్ని గుడ్డను ఒక్క చుట్టు చుట్టగానే 12 మి.మీ. పెరిగి సరిపోయింది, ఎందుకంటే మందం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. పొట్టు సంచిని దంచేటప్పుడు అది ఎంత ఉబ్బుతుందో ముందుగా చెప్పలేము. కంబళిని మాత్రం టేపుతో కొలుస్తూ కావలసిన చోట ఆపవచ్చు. నేను కంబళి వైపు మొగ్గడానికి కారణం ఇదే, తేమ కాదు. అయితే ఇంట్లో పడి ఉందని 110 మి.మీ. పైపు తీసుకోకండి: పై కొలతకు చుట్టు మందం 14 మి.మీ. కూడా రాదు, 26 మి.మీ. సూది సగం దిగి పైపుకు తగులుతుంది.

కావలి నుంచి:
నా నమూనా కూడా 36 మి.మీ. దే కావడం నా అదృష్టం. 75 మి.మీ. పైపు తీసుకుంటే చుట్టు మందం 31 మి.మీ. పైన వస్తుంది, సూదికి చాలు. పాత కంబళిని నాలుగు పట్టీలుగా చింపాను. ఉదయగిరి వారి బొటనవేలి పరీక్షను దీనికీ పెడతాను, ఎందుకంటే మొదటి పట్టీని వదులుగా చుట్టినందుకు సూదులు అప్పుడే పక్కకు వాలాయి. విప్పి, మళ్లీ నీళ్ల చేద తాడు బిగించినట్టు లాగి చుట్టాను. పై గుడ్డ కుట్టిన తరువాతే తుది కొలత తీసుకుని అట్టను అతికిస్తాను. బాబిన్ల బరువుకు రోలర్ దానంతటది ముందుకు తిరగకుండా ఇరుసుకు పళ్ల చక్రం పెట్టించాలా, లేక పక్కన మడిచిన గుడ్డ దూర్చితే సరిపోతుందా అన్నది వడ్రంగి రేపు అడుగుతారు. తెలిసినవారు ఈ రాత్రికే చెప్పగలరు.