కారు తుడిచే మైక్రోఫైబర్ టవల్ నీళ్లు పీల్చడం మానేసింది. మళ్లీ దారికి తేవడం ఎలా?

మియాపూర్_నెక్సాన్

60×90 సెం.మీ. ట్విస్టెడ్ లూప్ డ్రైయింగ్ టవల్. లేబుల్ మీద 1200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు), 70/30 బ్లెండ్ అని ఉంది. కొత్తలో బానెట్ మీద పరిచి ఒక్కసారి లాగితే చుక్క మిగిలేది కాదు. ఇప్పుడు నీళ్లను పీల్చకుండా ముందుకు నెట్టుకుంటూ పోతోంది, వెనకాల సన్నటి నీటి చారలు వదిలేస్తోంది. మధ్య భాగంలో ఎక్కువ, అంచుల దగ్గర తక్కువ.

ఉతికే తీరు ఇదీ: టాప్ లోడ్ మెషీన్, చన్నీళ్లు, లిక్విడ్ డిటర్జెంట్. మైక్రోఫైబర్ బట్టలు తప్ప వేరేవి కలపం. వీటికి కండిషనర్ వెయ్యం, ఇంటి బట్టలకు మాత్రం వేస్తాం. నీళ్లు అపార్ట్‌మెంట్ బోరువి, టీడీఎస్ మీటర్ 900 చూపిస్తోంది. బండి కడిగాక తడి మీదే సిరామిక్ స్ప్రే (పెయింట్ మీద నీళ్లు నిలవకుండా పూతలా పట్టేది) కొట్టి ఇదే టవల్‌తో తుడుస్తాం.

వెనిగర్‌లో వంట సోడా కలిపి నానబెట్టమని కొందరు, పది నిమిషాలు మరిగించమని కొందరు అంటున్నారు. ఏది పనిచేస్తుంది? నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వాడితే ఎంత వెయ్యాలి? ఎప్పుడు ఇక పక్కన పెట్టేయాలి?

వైజాగ్_డీటెయిలర్

మందు వెయ్యడానికి ముందు రోగం తెలియాలండీ. పోగుల మీద ఏం పేరుకుందో తేలకుండా ఏం వేసినా వృథా.

పూర్తిగా ఆరిన టవల్‌ను బల్ల మీద పరచండి. చెంచాతో నాలుగైదు చోట్ల నీటి చుక్కలు వెయ్యండి. మధ్యలో, అంచుల దగ్గర, రెండు వైపులా. ఒకటి రెండు సెకన్లలో లోపలికి ఇంకితే ఆ చోటు బాగున్నట్టు. చుక్క గుండ్రంగా నిలబడిపోతే మైనమో, సిలికానో, కండిషనరో, మీ సిరామిక్ స్ప్రేనో పట్టేసింది. బాగా ఎండిన మందపాటి టవల్ శుభ్రంగా ఉన్నా మొదటి చుక్కకు కాస్త తటపటాయిస్తుంది. అందుకని స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు సన్నగా చల్లి, చేత్తో అద్ది, మళ్లీ చుక్క వేసి చూడండి. అప్పుడూ జారిపోతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

చుక్క ఇంకుతోంది గానీ టవల్ గరుగ్గా ఉండి చారలు వదులుతోందంటే బోరు నీటి సున్నమో, పూర్తిగా పోని డిటర్జెంటో అయ్యుంటుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండండి. నురగ వస్తే డిటర్జెంట్ మిగిలి ఉంది. నురగ లేదంటే సున్నం.

మూడోది వేడి దెబ్బ. లాండ్రీ డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద తిరిగినా, ఎవరైనా ఇస్త్రీ చేసినా పోగుల చివర్లు గట్టిపడతాయి. పాత సీడీ మెరిసే వైపు టవల్‌తో గట్టిగా రుద్ది వెలుతురులో చూడండి. శుభ్రంగా ఉతికిన టవల్ కూడా గీతలు పెడుతుంటే దాన్ని పెయింట్ దగ్గరకు రానివ్వకండి. దీనికి మందు లేదు.

మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ అన్నారు కాబట్టి మీ విషయంలో స్ప్రే మీదే నా మొదటి అనుమానం. తుడిచేటప్పుడు చెయ్యి ఆనేది మధ్యలోనే కదా. సున్నమైతే టవల్ అంతటా సమానంగా పడుతుంది.

ఇంకొకటి. ఇంటి బట్టలకు కండిషనర్ వేస్తామన్నారు. దాని అరలో మిగిలింది తర్వాతి లోడ్‌లోకి దిగుతుంది. టవల్స్ వేసే ముందు ఆ అర విప్పి వేడి నీళ్లతో కడగండి, ఖాళీ మెషీన్‌కు ఒక రిన్స్ తిప్పండి. డిటర్జెంట్ బాటిల్ వెనక చదవండి, సాఫ్ట్‌నర్ కలిపిన టూ ఇన్ వన్ రకాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు శుద్ధి చేసే పద్ధతి. 10 లీటర్ల బకెట్‌లో చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వేడి నీళ్లు, అంటే 45 డిగ్రీల దాకా. అందులో 30 మి.లీ. సాఫ్ట్‌నర్ లేని లిక్విడ్ డిటర్జెంట్. టవల్ ముంచే ముందు, చుక్క నిలబడిన చోట్ల ఆల్ పర్పస్ క్లీనర్‌ను ఒకటికి పది పాళ్ల నీళ్లతో కలిపి చల్లి, పది నిమిషాలు ఆరిపోకుండా ఉంచండి. తర్వాత బకెట్‌లో గంట నాననిచ్చి, పిండి పిసికినట్టు పిసకండి. బ్రష్ వద్దు, లూపులు లేచిపోతాయి. నీళ్లు మార్చి మార్చి, నురగ కనిపించనంత వరకు జాడించండి. మూడుసార్లు కనీసం, ఇంత మందపు టవల్‌కు నాలుగైనా పట్టొచ్చు.

ఇది అయ్యాకే నిమ్మ ఉప్పు. 10 లీటర్ల చన్నీళ్లకు 50 గ్రాములు, అరగంట. రెండుసార్లు జాడించి, పిండి ఆరేయండి. ఆరాక మళ్లీ చుక్క పరీక్ష.

పాలిమర్_కెమ్

పై పద్ధతి సరైనదే. ఈ వరస ఎందుకో చెబుతాను. తెలిస్తే ఇంట్లో ఉన్న వస్తువులతో మీరే సర్దుకోవచ్చు.

70/30 అంటే 70 శాతం పాలిస్టర్, 30 శాతం పాలీఅమైడ్, అంటే నైలాన్. పాలిస్టర్ పోగు తన లోపలికి తీసుకునే తేమ బరువులో 0.4 శాతం దగ్గర, నైలాన్ 4 శాతం దగ్గర. పత్తి 8 శాతం దగ్గర ఉంటుంది. పోగుగా చూస్తే పత్తే ఎక్కువ తాగుతుంది. మైక్రోఫైబర్ పనిచేసేది పోగులోపల కాదు, పోగుల మధ్య. తయారీలో ఒక్కో పోగును సన్నని చీలికలుగా విడగొడతారు. ఆ చీలికల నడుమ సందుల్లోకి కేశనాళిక బలంతో నీళ్లు ఎక్కుతాయి. ఆ బలం ఉండాలంటే నీళ్లు పోగు ఉపరితలాన్ని తడపగలగాలి. దాని మీద కంటికి కనిపించనంత పలుచని సిలికాన్ పొర పడ్డా తడవడం ఆగిపోతుంది. సందులు ఖాళీగానే ఉంటాయి, నీళ్లు లోపలికి రావు. మీ టవల్ నీళ్లను నెట్టుకుంటూ పోవడానికి కారణం అదే.

కండిషనర్‌లో పనిచేసే పదార్థానికి ధన విద్యుదావేశం ఉంటుంది. నీటిలో పోగు ఉపరితలం రుణావేశంతో ఉంటుంది కాబట్టి గట్టిగా అతుక్కుంటుంది. చల్లనీళ్లతో జాడిస్తే పోదు.

డిటర్జెంటూ ఆమ్లమూ ఒకే బకెట్‌లో ఎందుకు కలపకూడదు? డిటర్జెంట్లు చాలావరకు క్షార గుణంతో పనిచేస్తాయి, ఆమ్లం ఆ గుణాన్ని చంపేస్తుంది. సబ్బు ఉంటే ఇంకా చెడ్డది. ఆమ్లం తగిలితే సబ్బు విరిగి జిడ్డు ఆమ్లాలుగా మారి పోగులకు పట్టుకుంటుంది. అందుకే ముందు జిడ్డు తీసి, జాడించి, తర్వాత సున్నం తీయాలి. బట్టల సబ్బు బిళ్లతో ఉతుకుతూ వచ్చిన టవల్ అయితే నిమ్మ ఉప్పు తర్వాత ఇంకోసారి వేడి నీళ్లు, డిటర్జెంట్ తప్పనిసరి. సబ్బు, కాల్షియం కలిసి కట్టిన తెట్టును ఆమ్లం విడగొడుతుంది గానీ, విడిపోయిన జిడ్డును బయటకు తీసేది డిటర్జెంటే.

వెనిగర్, వంట సోడా కలిపితే బుసబుసా పొంగుతుంది. ఒకదాన్నొకటి తినేసి మిగిలేది సోడియం అసిటేట్, నీళ్లు, గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్. టవల్‌కు ఒరిగేదేమీ లేదు. విడిగా వెనిగర్ పనిచేస్తుంది. కానీ 5 శాతం వెనిగర్‌తో 50 గ్రాముల నిమ్మ ఉప్పు ఇచ్చే ఆమ్లాన్ని రాబట్టాలంటే ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పోయాలి. పైగా నిమ్మ ఉప్పు కాల్షియాన్ని పట్టి నీటిలోనే ఉంచుతుంది కూడా. చిటికెడు వేసి లాభం లేదు. కాఠిన్యం (కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం) లీటరుకు 500 మి.గ్రా. ఉన్న బోరు నీళ్లు 10 లీటర్లు తీసుకుంటే, టవల్ దాకా వెళ్లకముందే ఆ నీళ్లే 6 గ్రాముల దాకా ఆమ్లాన్ని మింగేస్తాయి.

మరిగించడం నేను వద్దంటాను. పాలిస్టర్ గట్టిదనం సడలే ఉష్ణోగ్రత 70 నుంచి 80 డిగ్రీలు, నైలాన్‌ది ఇంకా కింద. 100 డిగ్రీల్లో పోగులు కరగవు గానీ, మడతపడిన ఆకారంలోనే చల్లారి బిగుసుకుంటాయి. 60 డిగ్రీలు దాటాల్సిన అవసరం ఏ జిడ్డుకూ రాదు.

బ్లీచింగ్ ద్రావణం అసలు ముట్టొద్దు. క్లోరిన్ నైలాన్‌ను తినేస్తుంది. నిమ్మ ఉప్పుతోనో వెనిగర్‌తోనో కలిస్తే విష వాయువు వస్తుంది. బాత్‌రూమ్‌లో అదే బకెట్ వాడే ఇళ్లలో ముందు దాన్ని బాగా కడిగి మొదలుపెట్టండి.

గుంటూరు_బాలెనో

నీళ్ల గురించి కొంచెం. టీడీఎస్ 900 అంటే కరిగిన లవణాలన్నీ కలిపి. అందులో సున్నం, మెగ్నీషియం ఎంతో ఆ మీటర్ చెప్పదు. కాఠిన్యం విడిగా చూడాలి, చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కిట్లు దొరుకుతాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. దాకా ఆమోదయోగ్యం, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా సరే అంటుంది. ఆ పై అంచు నీళ్లు తాగినా ఫర్వాలేదేమో గానీ టవల్‌కు చాలా ఎక్కువ.

ఉతకడం అంతా బోరు నీళ్లతో చేసినా, ఆఖరి జాడింపు ఒక్కటి మెత్తని నీళ్లతో చేస్తే తేడా చేతికే తెలుస్తుంది. వాన నీళ్లు, మంచినీళ్ల కుళాయి, లేదా ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. ఏసీ నీళ్లు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి కాబట్టి సున్నం ఉండదు. వేసవిలో, ఉక్కపోత రోజుల్లో బకెట్ పెడితే ఐదారు లీటర్లు తేలిగ్గా చేరతాయి. దుమ్ము, పాచి ముక్కలు ఉంటాయి, పలుచని గుడ్డలో వడకట్టి వాడండి. ఆర్ఓ మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు. లవణాలన్నీ చిక్కబడి అందులోనే ఉంటాయి. అవి నేల తుడవడానికి సరే, టవల్‌కూ వద్దు, బండి ఆఖరి కడుగుడుకూ వద్దు.

చాకలి సోడా వేస్తే జిడ్డు బాగా పోతుందని కొందరు అంటారు. కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్లలో అది కాల్షియంతో కలిసి తెల్లటి పొడిలా పోగుల్లోనే దిగుతుంది. మళ్లీ నిమ్మ ఉప్పు పని పడుతుంది.

ఆరేసేటప్పుడు నీడలో, గాలి తగిలేచోట. ఎర్రటి ఎండలో రోజంతా వదిలేస్తే నైలాన్ త్వరగా పాడవుతుంది. తుప్పు పట్టిన తీగ మీద, చెట్టు కింద వద్దు. పీచులో ఇరుక్కున్న చిన్న పుల్ల ముక్క పెయింట్ మీద గీత పెడుతుంది. సగం ఆరాక ఒకసారి గట్టిగా దులపండి, లూపులు విడిపోతాయి. పూర్తిగా ఆరాకే మూత ఉన్న డబ్బాలో పెట్టండి. డిక్కీలో తడిగా పడేస్తే వాసన పట్టేస్తుంది.

మియాపూర్_నెక్సాన్

చుక్క పరీక్ష చేశాను. వైజాగ్ గారు అన్నట్టే మధ్యలో నిలబడుతోంది, అంచుల్లో ఇంకుతోంది. క్లీనర్, డిటర్జెంట్, నిమ్మ ఉప్పు ఆ వరసలోనే అయ్యాయి. అంచులు కొత్తవాటిలా మెత్తబడ్డాయి. మధ్యలో చాలావరకు ఇంకుతోంది గానీ అరచేయి అంత చోట ఇంకా ఐదారు సెకన్లు నిలబడుతోంది. ఇంకోసారి చెయ్యనా? ఇక స్ప్రే వాడకూడదా?

వైజాగ్_డీటెయిలర్

ఇంకొక్కసారి చెయ్యండి, క్లీనర్ ఆ అరచేయి చోట మాత్రమే. అప్పటికీ కదలకపోతే ఆపేయండి. సిరామిక్ స్ప్రేలోని సిలికా రకం పూత ఆరి గట్టిపడ్డాక డిటర్జెంట్‌కు లొంగదు. పెయింట్ మీద అది నెలల తరబడి నిలవడానికి కారణం ఏదో, పోగు మీద నిలవడానికీ అదే. అందుకే ఆ స్ప్రే తగిలిన టవల్‌ను ఆరనివ్వకుండా అదే రోజు ఉతకాలి. వారం తర్వాత కాదు.

స్ప్రే మానక్కర్లేదు, టవల్స్ విడదీయండి. పెద్ద టవల్‌తో ముందు నీళ్లన్నీ తీసేయండి, పొడిగా కాకుండా కాస్త తడిపి గట్టిగా పిండి మొదలుపెడితే వేగంగా పీలుస్తుంది. తర్వాత ఒక్కో ప్యానెల్‌కు ఒకటి రెండు స్ప్రేలు, 40×40 సైజు, 350–400 జీఎస్ఎమ్ చిన్న టవల్‌తో పరచండి. ఆ చిన్నవి స్ప్రేకే అంకితం, అంచు రంగు వేరేది కొనండి. టైర్ డ్రెస్సింగ్ (టైర్లకు మెరుపు కోసం పూసేది) గుడ్డలు ఈ రెండింటితోనూ కలిపి ఉతకొద్దు, ఆ సిలికాన్ నీటిలోంచి అన్నిటికీ పట్టేస్తుంది.

ఇకమీదట మామూలు ఉతుకుడుకు ఐదారు టవల్స్‌కు 20 మి.లీ. లిక్విడ్, వీలైతే 40 డిగ్రీలు, అదనంగా ఒక రిన్స్. లిక్విడ్ ఎక్కువ పోస్తే మురికి ఎక్కువ పోదు, మిగిలిపోయేదే ఎక్కువ. నిమ్మ ఉప్పు ప్రతిసారీ అక్కర్లేదు, టవల్ గరుకు తేలినప్పుడు చాలు.

పక్కన పెట్టేయడం ఎప్పుడంటారా? రెండు విడతల శుద్ధి తర్వాత కూడా చుక్క నిలబడే చోటు సగానికి మించితే డోర్ సందులకు, ఇంజన్ బేకు మార్చండి. సీడీ మీద గీత పెడితే వీల్స్‌కు. తూకం వేసి తేల్చకండి. నీటిలో ముంచి పిసికితే పొర పట్టిన టవల్ కూడా నిండుతుంది, కాబట్టి తడి బరువు బాగానే వస్తుంది. బండి మీద మాత్రం పీల్చదు.

తూకం పనికొచ్చేది కొనేటప్పుడు. పొడవు, వెడల్పు మీటర్లలో గుణించి జీఎస్ఎమ్‌తో గుణిస్తే గ్రాములు వస్తాయి. మీ 60×90, 1200 జీఎస్ఎమ్ టవల్ పొడిగా దాదాపు 650 గ్రాములు తూగాలి. కొత్తది కొంటే వంటింటి తూకం మీద పెట్టి చూడండి. 400 దగ్గర ఆగితే లేబుల్ మీది అంకె నమ్మకండి, వాపసు గడువు లోపలే తిప్పి పంపేయండి. సరిగ్గా తూగితే, తయారీలో పట్టించిన మెత్తదనం మందు పోయేలా వాడకముందే ఒకసారి విడిగా ఉతకండి.