ఎమ్మెల్యేకు వేసే ఓటు, ప్రశ్నకు వేసే ఓటు ఒకటేనా?

ప్రశ్న (వరంగల్ పాఠకుడు):
రాష్ట్రాలను కలపడం, విడదీయడం వంటి విషయాల్లో ప్రజలనే నేరుగా ఎందుకు అడగకూడదని మా ఇంట్లో చర్చ వచ్చింది. ఎన్నికలు ఉండగా మళ్ళీ వేరే ఓటు దేనికని మా నాన్నగారి వాదన. రాజ్యాంగంలోని మూడో అధికరణం ప్రకారం తుది నిర్ణయం పార్లమెంటుదే. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా పార్లమెంటు దానిని ఆమోదించింది. స్వతంత్ర భారతదేశంలో ఇటువంటి విషయాన్ని జనం ఓటుతో తేల్చిన సందర్భం ఉందా?

జవాబు (పణజి ప్రవాసి):
ఉందండీ. మీ నాన్నగారి వాదనకు గోవాలోనే జవాబు దొరుకుతుంది. 1963 ఎన్నికల్లో నెగ్గిన మహారాష్ట్రవాదీ గోమంతక్ పార్టీ గోవాను మహారాష్ట్రలో కలపాలని కోరింది. శాసనసభ తీర్మానంతో సరిపెట్టి ఉంటే విలీనం జరిగిపోయేదే. కానీ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది, ఆ పార్టీ ముఖ్యమంత్రి బందోడ్కర్ ప్రభుత్వం ముందే రాజీనామా చేసింది, 1967 జనవరి 16న ప్రజలు ఓటు వేశారు. విలీనానికి పువ్వు గుర్తు, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండిపోవడానికి రెండాకుల గుర్తు. రెండాకులకు 1,72,191 ఓట్లు, పువ్వుకు 1,38,170 ఓట్లు వచ్చాయి. అసలు విశేషం ఆ తరువాత ఉంది: అదే ఏడాది మార్చిలో జరిగిన ఎన్నికల్లో మళ్ళీ అదే పార్టీ గెలిచింది! భూస్వాములకు ఎదురు నిలిచిన పార్టీగా దానిని ఆదరించిన బహుజనుల్లో కొందరైనా విలీనాన్ని మాత్రం వద్దనుకున్నారని నేను అర్థం చేసుకుంటున్నాను.

జవాబు (పాత కాగితాలు):
ఉదాహరణ బాగుంది కాని, ఆ ఓటులో ప్రత్యేక రాష్ట్రం అనే మూడో గుర్తు లేదన్నది మరువకూడదు. రాష్ట్ర హోదా 1987 మే 30 దాకా రాలేదు. ప్రశ్న ఎవరు రాస్తే సగం ఫలితం వారి చేతిలో ఉన్నట్టే. మన వైపు 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం, హైదరాబాదు రాష్ట్రాన్ని అప్పటికి విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చని చెప్పింది. అంత దాకా ఆగకుండానే 1956లో విలీనం జరిగింది.

జవాబు (జ్యూరిక్ తెలుగువాడు):
ప్రశ్న రాసే హక్కు ఇక్కడ స్విట్జర్లాండులో పౌరులకూ ఉంది. పద్దెనిమిది నెలల్లో లక్ష సంతకాలు సేకరిస్తే రాజ్యాంగ సవరణను ఓటుకు పెట్టించవచ్చు. అది నెగ్గాలంటే మొత్తం ఓట్లలోనూ, క్యాంటన్లలోనూ (ఇక్కడి రాష్ట్రాలు) మెజారిటీ రావాలి. నాకు ఓటు లేదు గాని, మా సహోద్యోగి ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ ఓటు కవరు చూశాను: ప్రభుత్వ వాదననూ, ప్రతిపాదించినవారి వాదననూ పక్కపక్కన అచ్చువేసిన చిన్న పుస్తకం, అవునో కాదో చేత్తో రాయవలసిన చీటీ. ఆయన ఆ పుస్తకంలో పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదువుతున్నాడు. నాకు ముచ్చటేసింది. అయితే స్త్రీలకు ఓటు ఇవ్వాలా అని 1959లో అడిగినప్పుడు కాదన్నదీ ఈ పద్ధతే, 1971లో అవునన్నదీ ఈ పద్ధతే. రెండుసార్లూ అడిగింది మగవాళ్ళను మాత్రమే.